తెరమీద చూసింది తెలుస్తుంది... మరి వస్తుందా?

మా పక్కింటి అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాది. మొన్నొక సాయంత్రం ఫోన్‌లో భౌతికశాస్త్రం పాఠం చూస్తున్నాడు, రెట్టింపు వేగంతో. "అర్థమవుతోందా?" అని అడిగితే "మొత్తం అర్థమైంది అంకుల్" అన్నాడు. ఆ వీడియోలో మాస్టారు చేసిన లెక్కనే అంకెలు మార్చి తెల్లకాగితం మీద రాసిచ్చాను. పది నిమిషాలు పెన్ను కదల్లేదు. వాడు అబద్ధం ఆడలేదు. వాడికి నిజంగానే అర్థమైంది. కానీ లెక్క రాలేదు.

ఈ తేడాకు మన భాషలో రెండు మాటలున్నాయి. ఈత గురించి తెలుసు అంటాం. ఈత వచ్చు అంటాం. మొదటిది గట్టున కూర్చుని కూడా సంపాదించుకోవచ్చు. రెండోదానికి నీళ్లలో దిగాలి, నాలుగు గుక్కలు మింగాలి. ఫోను, ట్యాబ్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఇప్పుడు కృత్రిమ మేధ చదువును ఎలా మారుస్తున్నాయన్న చర్చలో సగం గందరగోళం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తోందని నా అభిప్రాయం. ఆస్ట్రేలియా 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు వద్దని చట్టం చేసింది. స్వీడన్ మళ్లీ అచ్చు పుస్తకాల వైపు మళ్లింది. ఇక్కడ మన ప్రభుత్వాలు ట్యాబ్‌లు, డిజిటల్ తరగతి గదులు ఇస్తున్నాయి. ఎవరిది సరైన దారి అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. దానికి ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే "డిజిటల్ చదువు" అనేది ఒక్క వస్తువు కాదు.

ఒకే పేరు కింద మూడు వేర్వేరు పనులు

మొదటిది పాఠాన్ని చేరవేయడం. టీవీ పాఠం, యూట్యూబ్ వీడియో, పీడీఎఫ్, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఈ కోవలోవి. మాస్టారు చెప్పేది దూరాన ఉన్నవాళ్లకు అందుతుంది. విన్నవాడికి వచ్చిందో లేదో చెప్పిన మాస్టారికి తెలియదు.

రెండోది సాధన చేయించడం. పిల్లవాడు జవాబు రాస్తాడు, యంత్రం దిద్దుతుంది, తప్పును బట్టి తర్వాతి ప్రశ్న మారుస్తుంది. దీన్నే అడాప్టివ్ సాఫ్ట్‌వేర్ అంటున్నారు. పిల్లవాడి స్థాయికి తగ్గట్టు తనను తాను సర్దుకునే ప్రోగ్రామ్ అన్నమాట.

మూడోది సోషల్ మీడియా. ఇక్కడ ఏది చూడాలో పిల్లవాడు ఎంచుకోడు, మాస్టారూ ఎంచడు. అల్గారిథం, అంటే కంప్యూటర్ పాటించే సూత్రాల వరస, ఎంచి ముందు పెడుతుంది.

ఈ మూడూ ఒకే ఫోన్‌లో, ఒకే తెర మీద కనిపిస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది. ఫలితాలు మాత్రం మూడింటివీ వేరు.

ఉపగ్రహం నుంచి ట్యాబ్ దాకా: చేరవేతలో మనది పాత చరిత్రే

తెర మీద చదువు అనగానే కరోనా గుర్తొస్తుంది కానీ, తెలుగు పల్లెలకు ఇది యాభై ఏళ్ల కిందటి సంగతి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో భారత ప్రభుత్వం ‘సైట్’ అనే ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు నేరుగా ఉపగ్రహం నుంచి టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పగలు బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. ఊరంతటికీ ఒక్క టీవీ, దానికి కోళ్లగూడు మీద వేసే జాలీలాంటి తీగల డిష్షు. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి చదువు కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’ అనే విద్యా ఛానల్ ఉండేది. తెలంగాణలో దాని వారసత్వమే నేటి టీశాట్.

2020లో బడులు మూతపడినప్పుడు ఈ ఏర్పాట్లే ఆదుకున్నాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రలో సప్తగిరి ఛానల్ ఆ పని చేసింది. కేబుల్ ఉన్న ఇంట్లో ఇంటర్నెట్ లేకపోయినా పాఠం వినపడింది. ఇది చిన్న మేలు కాదు.

కానీ ఆ కాలం మిగిల్చిన నష్టమూ లెక్కకు అందింది. 2021 జనవరిలో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఐదు రాష్ట్రాల్లో 16,067 మంది ప్రభుత్వ బడిపిల్లలను పరిశీలించింది. ఆ ఐదింటిలో మన రెండూ లేవు. ఏడాది కిందట తమకు వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకదాన్ని 92 శాతం మంది మర్చిపోయారు. లెక్కల్లో అలా మర్చిపోయినవాళ్లు 82 శాతం. వచ్చింది కూడా పోతుందన్న మాట. సాధన లేకపోతే పోతుంది.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. వాటిలో బైజూస్ అనే కంపెనీ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. ఇంటర్నెట్ లేకున్నా పాఠం నడుస్తుంది. అదే ఏడాది ఆ కంపెనీ విలువను 2,200 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. 2024 జూలైలో దాని మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠ్యపుస్తకాన్ని అచ్చువేసిన ముద్రణాలయం మూతపడితే పుస్తకానికి ఏమీ కాదు. యాప్ సంగతి అలా కాదు. దాన్ని ఎప్పటికప్పుడు సరిచేసేవాళ్లు, సిలబస్ మారితే మార్చేవాళ్లు ఉండాలి. ప్రభుత్వాలు ఇలాంటి ఒప్పందాలు చేసుకునేటప్పుడు పిల్లలకు ఏం ఇస్తున్నామన్నది ఒక ప్రశ్న. ఐదేళ్ల తర్వాత దాని బాగోగులు ఎవరు చూస్తారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఇంట్లో ఫోన్ ఉండటం, చేతికి రావడం

గ్రామీణ భారతంలో చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఫోన్ గురించి అడిగింది. దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. 82 శాతం మందికి వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం.

నాకు వీటికంటే ముఖ్యంగా తోచిన అంకె ఇంకొకటి ఉంది. ఫోన్ వాడటం వచ్చిన పిల్లల్లో తమకంటూ సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు 36 శాతం, ఆడపిల్లలు 27 శాతం. ఇంట్లో ఉన్నది నాన్న ఫోన్. ఆయన పొలం నుంచో ఆటో దిగో వచ్చేది రాత్రి ఎనిమిదికి. ఆ తర్వాత అన్న చేతికి, ఆపైన చెల్లెలి చేతికి. అప్పటికి డేటా అయిపోతుంది, లేదా చార్జింగ్ పెట్టాలి. "ఆన్‌లైన్‌లో అన్నీ ఉచితంగా దొరుకుతాయి" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ వరసే గుర్తొస్తుంది.

ఇంత మాత్రాన చేరవేతను తీసిపారేయలేం. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాల వల్ల ఏ చిన్న పట్నంలోని ఇంజినీరింగ్ విద్యార్థి అయినా ఐఐటీ ఆచార్యుల పాఠం వినగలుగుతున్నాడు. ఒకప్పుడు గ్రూప్స్‌కో డీఎస్సీకో చదవాలంటే అశోక్‌నగర్‌లోనో అవనిగడ్డలోనో గది అద్దెకు తీసుకోవాల్సిందే. ఇప్పుడు ఊళ్లో ఉండి, పెళ్లై పిల్లలున్న ఆడవాళ్లు కూడా మధ్యాహ్నం పని తెమిలాక పాఠం పెట్టుకుంటున్నారు. వాళ్లకు అంతకుముందు వేరే దారే లేదు.

అయితే తలుపు తెరిచి ఉండటానికీ లోపలికి వచ్చి చివరిదాకా కూర్చోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. హార్వర్డ్, ఎంఐటీ పెట్టిన ఉచిత ఆన్‌లైన్ కోర్సుల లెక్కలను పరిశోధకులు 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తిచేసినవారు 3.13 శాతం. వందమంది చేరితే ముగ్గురు.

చూస్తే వచ్చేసినట్టు ఎందుకు అనిపిస్తుంది?

ఇప్పుడు పక్కింటి అబ్బాయి దగ్గరికి వద్దాం. అతనికి ఎదురైన అనుభవం మీద మంచి ప్రయోగాలే జరిగాయి.

2018లో చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరికి ఒక గారడీ విద్య వీడియో చూపించారు. బల్ల మీద కంచాలు, గ్లాసులు కదలకుండా కిందున్న గుడ్డను ఒక్క ఊపుతో లాగేయడం. కొందరు ఒక్కసారి చూశారు, కొందరు ఇరవై సార్లు. "మీరు చేయగలరా?" అని అడిగితే ఇరవై సార్లు చూసినవాళ్లకు ధీమా బాగా పెరిగింది. బాణాలు గురిచూసి విసరడం, మూన్‌వాక్ నాట్యం లాంటివాటితో కూడా పరీక్షించి, నిజంగా చేయించి చూస్తే ఎక్కువసార్లు చూసినందువల్ల నైపుణ్యం పెరగలేదు. ధీమా మాత్రమే పెరిగింది.

గుడ్డ లాగడం చేతిపని, చదువు అలా కాదు కదా అనొచ్చు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులకు ఒక వ్యాసభాగం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, మూడు విడతలు పుస్తకం మూసి గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, రాసినవాళ్లకు 61.

ఈ ఐదు నిమిషాల ఫలితం దగ్గర కాస్త ఆగాలి. వీడియో చూసిన వెంటనే, పుస్తకం మూసిన వెంటనే మనల్ని మనం అడిగితే జవాబు "వచ్చేసింది" అనే ఉంటుంది, అది ఆ క్షణానికి నిజం కూడా. వారం తర్వాత పరీక్ష హాల్లో ఆ నిజం నిలవదు. మన తాతల కాలంలో సాయంత్రం అరుగు మీద ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు. అప్పజెప్పడం అంటే పుస్తకం చూడకుండా లోపలి నుంచి బయటికి తీయడం. బట్టీ అని దాన్ని ఎద్దేవా చేస్తాం కానీ, అందులో ఉన్న ఈ ఒక్క సుగుణాన్ని వీడియో పాఠం పోగొట్టింది.

ఇంకా ఆశ్చర్యం కలిగించేది హార్వర్డ్‌లో 2019లో వెలువడిన ప్రయోగం. భౌతికశాస్త్రం తరగతిని రెండు రకాలుగా నడిపారు. ఒకచోట చక్కని, సాఫీగా సాగే ఉపన్యాసం. ఇంకోచోట విద్యార్థులే గుంపులుగా కూర్చుని లెక్కలతో కుస్తీ పట్టడం. కుస్తీ పట్టినవాళ్లకే పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చాయి. కానీ "ఎంత నేర్చుకున్నారు?" అని అడిగితే ఉపన్యాసం విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామని చెప్పారు. సాఫీగా సాగిన పాఠం బాగా వచ్చినట్టు అనిపించింది. తడబడిన పాఠం రానట్టు అనిపించింది. ఏ వీడియో మాస్టారికి ఎక్కువ లైకులు వస్తాయో, ఎందుకు వస్తాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

యంత్రం నిజంగా నేర్పిన చోటు: ఒక భిన్నాల లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడో తరగతి అమ్మాయికి ½ + ⅓ ఇచ్చారు. ఆమె ⅖ అని రాసింది. నలభై మంది ఉన్న తరగతిలో ఆ నోట్సు మీద ఎర్ర గీత పడుతుంది, పాఠం ముందుకు వెళ్తుంది.

కానీ ఆ తప్పులో ఒక తర్కం ఉంది. పైనున్న లవాలు కలిపింది: ఒకటీ ఒకటీ రెండు. కిందున్న హారాలు కలిపింది: రెండూ మూడూ ఐదు. ఆమె దృష్టిలో భిన్నం అంటే గీతకు పైనా కిందా ఉన్న రెండు అంకెలు. ఒక్క సంఖ్య అన్న భావమే లేదు. ఈ అమ్మాయికి క.సా.గు. తీసే పద్ధతి వీడియో ఎన్నిసార్లు చూపినా పై పూతే అవుతుంది. కావలసిందల్లా వెనక్కి వెళ్లి "సగం రొట్టె పెద్దదా, ఐదింట రెండు వంతులు పెద్దదా?" అని అడగడం. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువెలా వచ్చిందని ఆమెకే అనుమానం రావాలి. మంచి అడాప్టివ్ ప్రోగ్రామ్ చేసేది ఇదే. ⅖ అనే జవాబు చూడగానే ఏ రకం తప్పో గుర్తుపట్టి, నాలుగో తరగతి స్థాయి ప్రశ్నకు దిగుతుంది. అక్కడ నిలదొక్కుకున్నాక మళ్లీ పైకి తెస్తుంది. మంచి టీచరమ్మ కూడా ఇదే చేస్తుంది. నలభై మందికి ఒకేసారి చేయలేకపోవడమే ఆమె ఇబ్బంది.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్ అనే ఆర్థికవేత్తలు ఇలాంటి ప్రోగ్రామ్ ఒకదాన్ని, పేరు మైండ్‌స్పార్క్, పరీక్షించారు. 619 మంది మిడిల్ స్కూల్ పిల్లల్లో లాటరీ తీసి సగం మందికి బడి తర్వాత కేంద్రానికి వచ్చే అవకాశం ఇచ్చారు. మొదట్లోనే తేలిన సంగతి: ఆరో తరగతి పిల్లవాడు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నాడు. నాలుగున్నర నెలల తర్వాత అవకాశం వచ్చినవాళ్లు రానివాళ్లకంటే లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. ఈ కొలమానాన్ని మామూలు మాటల్లో చెబితే, వందమందిలో సరిగ్గా మధ్యన, 50వ స్థానంలో ఉన్న పిల్లవాడు లెక్కల్లో 36వ స్థానానికి, హిందీలో 41వ స్థానానికి వచ్చినట్టు. నాలుగున్నర నెలలకు ఇది చాలా ఎక్కువ.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, గంటన్నర సమయంలో సగమే కంప్యూటర్. మిగతా సగం ఒక మనిషి చిన్న గుంపుకు కూర్చోబెట్టి చెప్పేది. ఫలితం యంత్రానిదేనని ఎవరైనా అంటే అది సగం నిజమే. రెండు, బడిలో పెట్టే లెక్కల పరీక్షలో మార్కులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. పిల్లవాడు మూడో తరగతి స్థాయి నుంచి నాలుగో తరగతి స్థాయికి ఎక్కాడు. బడి పరీక్ష మాత్రం ఏడో తరగతి లెక్కలు అడుగుతుంది. ఎక్కిన మెట్టు ప్రోగ్రెస్ కార్డులో కనపడలేదు. ఇలాంటి పథకాన్ని మార్కులతో కొలిచి "పనిచేయలేదు" అని మూసేసే ప్రమాదం మన దగ్గర కూడా ఉంది.

దీని పక్కన పెరూ దేశపు అనుభవం పెట్టి చూడండి. ఆ ప్రభుత్వం పిల్లలకు 8 లక్షలకు పైగా చవక ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పరిశోధకులు పోల్చి చూశారు. ల్యాప్‌టాప్‌లు వచ్చిన బడుల్లో లెక్కలు, భాష మెరుగుపడ్డ దాఖలా దొరకలేదు. పరికరం ఇచ్చారు. దానితో ఏం చేయాలన్నది బడి దినచర్యలో మారలేదు. ట్యాబ్ పంచిన ప్రతి రాష్ట్రానికీ ఈ రెండు ప్రయోగాలూ కలిపి చదవాల్సిన పాఠాలు.

సోషల్ మీడియా: అరనిమిషం పాఠం వెనక లెక్క

యూట్యూబ్ 2012లో తన సిఫారసుల పద్ధతి మార్చింది. ఎంతమంది నొక్కారన్నదానికంటే ఎంతసేపు చూశారన్నదానికి పెద్దపీట వేసింది. తర్వాత వచ్చిన రీల్స్, షార్ట్స్ కూడా ఆ దారినే నడుస్తున్నాయి. యాప్ ఊహించేది ఒక్కటే: ఇది చూపిస్తే ఈ పిల్లవాడు ఇంకాస్త సేపు ఉంటాడా?

త్రికోణమితి సూత్రాలు గుర్తుపెట్టుకునే చిట్కా ఒకటి ముప్పై సెకన్లలో చెప్పారనుకోండి. పిల్లవాడు చివరిదాకా చూశాడు. యాప్‌కు అది మంచి సంకేతం. ఇంకోటి చూపిస్తుంది, ఇంకోటి. పదిహేనోది చిట్కా కాదు, టాపర్ దినచర్య. ఇరవయ్యోది సినిమా ట్రైలర్. ఒకవేళ రెండో వీడియో దగ్గరే అతను ఫోన్ పక్కన పెట్టి పది లెక్కలు చేసి ఉంటే? చదువు పరంగా అంతకంటే మంచి విషయం ఉండదు. యాప్ పుస్తకంలో మాత్రం అది ఓటమి, చూడటం ఆగిపోయింది కాబట్టి. ఎవరో పిల్లల్ని చెడగొట్టాలని చేస్తున్న కుట్ర కాదిది. కొలిచేది వేరు, మనకు కావలసింది వేరు, అంతే.

సోషల్ మీడియా చదువుకు చేసిన మేలు కూడా నిజమైనదే. ఊళ్లో తనొక్కతే నీట్ రాస్తున్న అమ్మాయికి అదే పరీక్ష రాసే వందమంది తోడు దొరికారు. టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో వర్క్‌షీట్లు, బోధనోపకరణాల ఆలోచనలు నిమిషాల్లో జిల్లాలు దాటుతున్నాయి. కానీ అదే దారిన నకిలీ నోటిఫికేషన్లు, "పేపర్ మా దగ్గరుంది" అనే మోసాలు కూడా వస్తాయి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో పదో తరగతి ప్రశ్నపత్రాల ఫొటోలు పరీక్ష సాగుతుండగానే వాట్సాప్‌లో తిరిగాయి. 2025 నీట్‌కు ముందు ప్రశ్నపత్రం ఇస్తామంటున్న వందకు పైగా టెలిగ్రామ్ ఛానళ్లను గుర్తించామని పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ ప్రకటించింది. అలాంటి ఛానల్ చూసి డబ్బు కట్టకపోయినా, "అందరికీ దొరికిందేమో, నాకొక్కడికే దొరకలేదేమో" అన్న దిగులుతో పరీక్షకు ముందు రాత్రి నిద్ర పోగొట్టుకున్న పిల్లలున్నారు.

నిషేధించాలా? రెండు వైపులా ఉన్న బలం

దేశాల మధ్య పిల్లల చదువును పోల్చే పీసా పరీక్ష 2022లో 81 దేశాల, ప్రాంతాల 15 ఏళ్ల పిల్లలను చూసింది. భారత్ అందులో లేదు. బడిలో చదువు కోసం రోజుకు గంట వరకు పరికరాలు వాడినవాళ్లకు అసలు వాడనివాళ్లకంటే లెక్కల్లో 14 పాయింట్లు ఎక్కువ వచ్చాయి. పక్కవాడి ఫోన్ వల్ల ధ్యాస చెదురుతోందన్న పిల్లలకు 15 పాయింట్లు తక్కువ వచ్చాయి. ఒకే సర్వేలో లాభం, నష్టం పక్కపక్కనే ఉన్నాయి. ఇవి కలిసి కనిపించిన సంగతులే తప్ప ఒకటి రెండోదానికి కారణమని రుజువు చేసినవి కావు.

నిషేధం కావాలనేవాళ్ల చేతిలో బలమైన ఆధారం ఇంగ్లండ్‌ది. నాలుగు నగరాల్లోని 91 పాఠశాలలను చూస్తే, ఫోన్లు నిషేధించాక వెనకబడిన పిల్లల మార్కులు మెరుగుపడ్డాయి. ముందున్న పిల్లలకు పెద్ద తేడా రాలేదు. ధ్యాస నిలుపుకోలేనివాడికే ఫోన్ ఎక్కువ చేటు చేస్తుందన్నమాట. వద్దనేవాళ్లు స్వీడన్‌ను చూపిస్తారు. అదే పద్ధతిలో అక్కడ చూస్తే ఫలితం కనపడలేదు. కాగితమా తెరా అన్న విషయంలో మాత్రం ఆధారం కాస్త గట్టిగా ఉంది. 54 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో సమాచార పాఠ్యం కాగితం మీద చదివినవాళ్లకే మెరుగ్గా అర్థమైంది, ముఖ్యంగా సమయం తక్కువగా ఉన్నప్పుడు. కథల విషయంలో తేడా లేదు. 2023లో స్వీడన్ ప్రభుత్వం అచ్చు పుస్తకాలకు ప్రత్యేక నిధులిచ్చింది. అదే ఏడాది యునెస్కో నివేదిక సాంకేతికత ఉపాధ్యాయుడికి తోడుగా ఉండాలే తప్ప బదులుగా కాదని చెప్పింది.

ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. దాని తయారీలో జరిగిన తర్జనభర్జనే ఈ వ్యాసానికి అసలైన ఉదాహరణ. మొదట యూట్యూబ్‌ను చదువుకు పనికొస్తుందని మినహాయించారు. తర్వాత చేర్చారు. వాట్సాప్, గూగుల్ క్లాస్‌రూమ్ నిషేధంలో లేవు. యూట్యూబ్ కూడా ఖాతా లేకుండా తెరిచి చూడొచ్చు. అంటే పాఠం చూడటం మీద నిషేధం లేదు. పిల్లవాడి అలవాట్లు గుర్తుపెట్టుకుని అతని కోసం వరస పేర్చే ఖాతా మీదే నిషేధం. చేరవేతను, సిఫారసును విడదీయడానికి చట్టం చేసిన ప్రయత్నమిది. వయసు నిర్ధారణ ఎంత పక్కాగా జరుగుతుంది, పిల్లలు దొడ్డిదారులు వెతకరా అన్న అభ్యంతరాలు సబబైనవే.

కృత్రిమ మేధ వచ్చాక పాత ప్రశ్న పదునెక్కింది

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఇంటిపని ఎవరు చేశారన్నది ప్రతి టీచరుకూ ఎదురయ్యే ప్రశ్న. తుర్కియేలో ఒక ఉన్నత పాఠశాలలో దాదాపు వెయ్యి మందితో జరిపిన ప్రయోగం ఇక్కడ ఉపయోగపడుతుంది. లెక్కల సాధన సమయంలో ఒక జట్టుకు మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. ఇంకో జట్టుకు జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా టీచర్లు తీర్చిన చాట్‌బాట్ ఇచ్చారు. మూడో జట్టుకు పుస్తకాలు, నోట్సులే. సాధనలో మొదటి జట్టు మూడో జట్టుకంటే 48 శాతం, రెండో జట్టు 127 శాతం మెరుగ్గా చేసింది.

తర్వాత చాట్‌బాట్ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు, అసలేమీ లేనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనలిచ్చే చాట్‌బాట్ వాడినవాళ్లు దాదాపు సమానంగా నిలిచారు. యంత్రం ఒకటే, బడి ఒకటే. కుస్తీని పిల్లవాడికే వదిలేసిన యంత్రం చేటు చేయలేదు. కుస్తీ తనే పట్టిన యంత్రం చేటు చేసింది. 127 శాతం మెరుగు చూపించిన జట్టుకు కూడా పరీక్షలో అదనంగా మిగిలింది ఏమీ లేదన్నది కృత్రిమ మేధ మీద పెద్ద ఆశలు పెట్టుకున్నవాళ్లు మర్చిపోకూడదు.

తెలుగులో అడిగితే

ఇక మన పిల్లలకే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలంగాణ కూడా ఆ బాట పట్టింది. పిల్లవాడు ఇంగ్లిషులో తట్టుకోలేకపోతే చూపు పక్కకు తిప్పుతాడు. చాలా తెలివైన ఏర్పాటు. తెర మీద అలాంటి ఎదురు పేజీ అరుదు. మంచి పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉన్నాయి. యంత్రాలు ఇప్పుడు వాటిని తెలుగులోకి మార్చేస్తున్నాయి, వేగంగా, బోలెడన్ని.

బలం, శక్తి, సామర్థ్యం. రోజువారీ మాటల్లో మూడింటినీ ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తాం. "ఒంట్లో శక్తి లేదు", "ఒంట్లో బలం లేదు" రెండూ ఒకటే. భౌతికశాస్త్రంలో మాత్రం ఫోర్స్ బలం, ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం. బలాన్ని న్యూటన్లలో, శక్తిని జౌళ్లలో, సామర్థ్యాన్ని వాట్లలో కొలుస్తాం. యంత్రం చేసిన తెలుగు పాఠంలో పవర్ కాసేపు శక్తి అవుతుంది, కాసేపు అధికారం కూడా అవుతుంది. విని తలూపిన పిల్లవాడికి ఎక్కడ తప్పిందో తెలియదు, ఎందుకంటే వాక్యం వినడానికి సాఫీగానే ఉంటుంది.

ఆ పక్కింటి అబ్బాయిని ఇప్పుడు రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చోబెట్టుకుంటున్నాను. వీడియో చూడమనే చెబుతాను, ఎంచుకున్న మాస్టారు నిజంగా బాగా చెబుతాడు. కాకపోతే లెక్క మొదలవగానే ఆపేసి, ఫోన్ బోర్లించి, తానే చేసి, తర్వాత మాస్టారు ఎలా చేశాడో చూడాలి. నలభై నిమిషాల పాఠానికి రెండు గంటలు పడుతోంది. నిన్న మూడో లెక్క దగ్గర ఆగిపోయి, సామర్థ్యం కావలసిన చోట బలం రాశాడు. ఎక్కడ తేడా వచ్చిందో ప్రమాణాలు రాసుకుని తనే పట్టుకున్నాడు.